కోదండం నుంచి నిచ్చెన దాకా: సీమలో పిల్లల బడి

కర్నూలు నుంచి కడప దాకా, నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, ఏ ఊరి పొలిమేరలో చూసినా బడుల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. ఫ్లెక్సీ పై సగంలో ర్యాంకుల నెంబర్లు, వాటి పక్కన పాస్‌పోర్టు సైజు ఫోటోలు. కింది సగంలో 'చైల్డ్ సెంట్రిక్', 'ఆల్ రౌండ్ డెవలప్‌మెంట్' లాంటి మాటలు. పిల్లల్ని వరస కట్టి నిలబెట్టే పని, ఏ పిల్లవాడికి ఆ పిల్లవాడిని విడిగా చూసే పని, ఈ రెండూ ఒకే గుడ్డ మీద ఎట్లా సర్దుకున్నాయో ఎవరూ అడగరు. ఈ మాటలు అమెరికా నుంచో ఫిన్లాండ్ నుంచో వచ్చాయని చాలామంది అనుకుంటారు. మన పుస్తకాల అరలు కూడా అట్లాగే ఉన్నాయి. జపాన్‌లోని టొమోయె బడి గురించి 'రైలుబడి' చదివి కళ్ళు చెమర్చినవాళ్ళు తెలుగులో వేలమంది ఉంటారు. మదనపల్లె పక్కన కురబలకోట మండలంలో పుట్టిన ఒక పద్ధతిని పక్క రాష్ట్రాలు వచ్చి చూసి పట్టుకుపోయిన కథ మాత్రం అంతమందికి తెలీదు.

పిల్లవాడే కేంద్రమైన చదువు అనే ఆలోచనకి సీమలో పెద్ద చరిత్రే ఉంది. అందులో ఒక ఖరీదైన ప్రైవేటు బడి ఉంది, దాని చుట్టూ ఉన్న ఒంటిగది పల్లెబడులూ ఉన్నాయి. ఈ రెండింట్లో రెండోదే మనకు ఎక్కువ అవసరమని నా వాదన. అందుకు ముందు కొంచెం వెనక్కి పోవాలి.

1823: వీధిబడి

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో, వాటిలో ఎవరెవరు చదువుతున్నారో లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. మన్రో సీమకు కొత్తవాడు కాదు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పజెప్పాక మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఏడేళ్ళు ఇక్కడ తిరిగినవాడు. 1827లో కలరా సోకి చనిపోయింది కూడా పత్తికొండలోనే. ఆయన ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823 ఆగస్టులో రాసింది అన్నింటికన్నా వివరమైనది. కాంబెల్ అప్పటికే తెలుగు వ్యాకరణం ఒకటి రాసి అచ్చువేసిన మనిషి. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా అందులోదే. ఇప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు తాలూకాలైతే 1953 దాకా బళ్ళారివే.

కాంబెల్ లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది. వెయ్యిమందికి ఏడుగురన్నమాట. అందులో ఆడపిల్లలు 60 మంది. ఈ అంకెలు చూశాక పాతకాలపు బడిని బంగారుబడి అనడానికి నోరు రాదు. కానీ ఆ బడి నడిచిన తీరు చూడాలి. అయిదో ఏట వినాయకుడికి పూజ చేయించి పిల్లవాణ్ణి బడిలో వేసేవాళ్ళు. నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవాళ్ళు. పొద్దున్నే అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు, రెండోవాడికి సున్నా. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అట్లా ఆలస్యాన్ని బట్టి దెబ్బలు పెరుగుతూ పోతాయి. మన పెద్దవాళ్ళు చెప్పే 'శ్రీ, చుక్క' ఆచారం ఇదే. చదవనివాడికి రెండు చేతులూ తాడుకి కట్టి పైకప్పు నుంచి వేలాడదీయడం, లేదా ఆగకుండా గుంజీలు తీయించడం. మొదటిదాన్ని మనవాళ్ళు కోదండం అన్నారు. శిక్షకి కూడా రాముడి విల్లు పేరే పెట్టుకున్నాం.

అదే బడిలో ఇంకొకటి కూడా ఉంది. పిల్లలు సాధారణంగా నాలుగు జట్లుగా కూర్చునేవాళ్ళు. కింది జట్లకి పైజట్టు పిల్లలే చదువు చెప్పేవాళ్ళు. అయ్యవారు పైజట్టుని చూసుకుంటూ మొత్తం బడి మీద ఒక కన్ను వేసి ఉంచేవాడు. ఒక జట్టు నుంచి పైజట్టుకి పోవడానికి ఏడాది తిరగాల్సిన పని లేదు. ఎవడికి ఎప్పుడు వస్తే అప్పుడే. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే ఈ ఏర్పాటుని కాంబెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దీన్ని చూసి నేర్చుకోవడం న్యాయమే అన్నాడు. మెచ్చుకోనిది ఒకటుంది. పిల్లలు బట్టీ పట్టే పద్యాల భాషకీ ఇంట్లో మాట్లాడే భాషకీ పొంతన లేదని, అర్థం తెలీకుండా వల్లెవేస్తున్నారని రాశాడు. రెండొందల ఏళ్ళ తర్వాత ఆ మాటలో 'పద్యాల భాష' తీసేసి 'ఇంగ్లీషు' అని పెడితే సరిపోతుంది.

ఆ తర్వాత వచ్చిన సర్కారు చదువు వయసు ప్రకారం తరగతి, ఏడాదికో పుస్తకం, చివర్లో పరీక్ష అనే చట్రం తెచ్చింది. పరీక్షలో ఎంతమంది గట్టెక్కారో చూసి బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి కూడా 19వ శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో నడిచింది. దాంతో వీధిబడిలో మంచి సగం, అంటే ఎవరి వేగంతో వాళ్ళు పోవడం, పిల్లలు పిల్లలకి చెప్పుకోవడం, మెల్లగా పోయింది. బెత్తం మాత్రం కొత్త బడిలోకి భద్రంగా వచ్చి చేరింది.

కడపలో ఒక 'మొద్దబ్బాయి'

ఆ బెత్తం కింద పడ్డ పిల్లవాళ్ళలో ఒకడి కథ మనకు వివరంగా తెలుసు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టాడు. అప్పుడు మదనపల్లె కడప జిల్లాలోది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డప్పుడే అటు పోయింది. 2022లో అన్నమయ్య జిల్లా పేరుతో రాయచోటి, రాజంపేటలతో మళ్ళీ కలిసింది. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. బదిలీల మీద కుటుంబం కడపకి వచ్చింది. మలేరియా బాగా ఉన్న ప్రాంతం. పిల్లవాడికి అది చిన్నప్పుడే పట్టుకుని చాలా ఏళ్ళు వదల్లేదు. జ్వరాలతో బడికి పోయేది తక్కువ. పోయినా ఎటో చూస్తూ ఉండేవాడు. పాఠం అడిగితే చెప్పలేడు. అయ్యవార్లు బుద్ధిమాంద్యం అనుకున్నారు. బడిలో దెబ్బలు, ఇంట్లో తండ్రి చేతిలో దెబ్బలు. 1905లో తల్లి సంజీవమ్మ కడపలోనే చనిపోయింది.

ఆయన జీవితచరిత్రల్లో వచ్చే ఒక చిన్న సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఈ 'మొద్దబ్బాయి' ఒకరోజు తండ్రి గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేశాడు. మళ్ళీ మొత్తం బిగించేదాకా బడికి పోను, అన్నం తినను అని కూర్చున్నాడు. బిగించాడు కూడా. నా ఉద్యోగంలో, విప్పిన సిస్టమ్‌ని తిరిగి నిలబెట్టేదాకా కుర్చీలోంచి లేవని వాళ్ళని మంచి ఇంజినీరు అంటారు. ఆ బడిలో ఈ గుణానికి మార్కులు లేవు. పాఠం అప్పజెప్పే గుణానికే ఉన్నాయి. అడయారు చేరాక లెడ్‌బీటర్ ఆయన్ని జగద్గురువుగా గుర్తించడం, బిసెంటు పెంపకం, ఇంగ్లండు ప్రయాణం ఇవన్నీ అందరికీ తెలిసినవే. జగద్గురువు కావాల్సిన ఆ కుర్రవాడు లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ ఒకటికి రెండుసార్లు తప్పాడన్నది అంతగా చెప్పుకోరు. 1929లో తన కోసం పెట్టిన సంఘాన్ని తనే రద్దు చేసుకుని బయటికొచ్చాడు. బడుల మీద శ్రద్ధ మాత్రం 1986లో చనిపోయేదాకా వదల్లేదు.

ఆయన తత్వాన్ని అంగీకరించనక్కర్లేదు. చాలాచోట్ల నాకూ అది అందదు. కానీ చదువు గురించి 1953లో ఆయన అచ్చువేసిన పుస్తకంలో పదేపదే వచ్చే రెండు మాటలు, భయం, పోల్చడం, తెలివితేటలకి ఈ రెండే శత్రువులన్న వాదన, ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

తెట్టు దగ్గరి లోయ

మదనపల్లెలో అప్పటికే చదువుల వాతావరణం ఉంది. బిసెంటు అండతో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వచ్చింది. 1919 ఫిబ్రవరిలో టాగోరు అక్కడ దిగి జనగణమనని ఇంగ్లీషులోకి మార్చుకున్నది ఆ కాలేజీలోనే. కృష్ణమూర్తి ఒక విద్యాసంస్థ కోసం స్థలం వెతుకుతూ 1920ల నడుమ తెట్టు ఊరి దగ్గర, ఋషికొండ కింద ఉన్న లోయని, అందులోని పెద్ద మర్రిమాను చూసి ఎంచుకున్నాడని చెబుతారు. మద్రాసు గిండీలో నడుస్తున్న బడిని 1931లో అక్కడికి మార్చారు. జి.వి. సుబ్బారావు మొదటి హెడ్మాస్టరు. 1950లలో గోర్డన్ పియర్స్ కాలం నుంచి దానికి ఇప్పటి రెసిడెన్షియల్ బడి రూపం గట్టిపడింది.

రిషి వ్యాలీ బడిలో కొట్టడం లేదు, ర్యాంకులు లేవు, బహుమతులు లేవు. చిన్న తరగతులకి పరీక్షల గోల లేదు. పాటలు, జానపద నృత్యం, చెట్లు, పక్షులు, సాయంత్రం పొద్దుగుంకేటప్పుడు కాసేపు మౌనంగా కూర్చోవడం, ఇవి చదువు పక్కన పెట్టిన అలంకారాలు కావు, చదువులో భాగాలే. ఎండిన లోయలో దశాబ్దాల తరబడి చెట్లు పెంచుకుంటూ వచ్చారు. పిల్లవాడి ఒళ్ళు, చేతులు, చెవులు, మనసు అన్నీ బడికి వస్తాయని గుర్తించిన చోటు అది. బోర్డు పరీక్షలు రాసి బాగానే పాసవుతారు కూడా. కాబట్టి ర్యాంకుల భయం లేకపోతే పిల్లలు చదవరనే వాదనకి తొంభై ఏళ్ళుగా అక్కడ జవాబు ఉంది.

అయితే కంచె ఇవతల నిలబడి చూస్తే వేరే ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషు మీడియం. ఫీజు ఏడాదికి లక్షల్లో. దేశంలోని పెద్ద నగరాల పిల్లలు ఎక్కువ. లోయ చుట్టూ ఉన్నవి వేరుశనగ, గొర్రెలు, కరువు. కడపలో దెబ్బలు తిన్న పిల్లవాడి పేరుతో నడిచే బడిలో, ఇప్పుడు కడపలో దెబ్బలు తినే పిల్లవాడికి చోటు దొరుకుతుందా? కృష్ణమూర్తి వాదనలోనే ఈ చిక్కు ఉంది. పిల్లల్ని గుంపుగా పెట్టి చెప్పే చదువు చదువే కాదు, ఒక్కొక్క పిల్లవాణ్ణి విడిగా గమనించాలి, అందుకు బడి చిన్నగా ఉండాలి అన్నాడాయన. వినడానికి బాగుంది. నలభైమందికి ఒకే టీచరున్న ఊళ్ళో దీన్నేం చేసుకోవాలి?

నిచ్చెన

ఆ ప్రశ్నకి జవాబు అదే సంస్థకి చెందిన గ్రామీణ విద్యాకేంద్రంలో దొరికింది. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఆ పని చేపట్టారు. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్కొక్క గది కట్టి, చుట్టూ మొక్కలు నాటి, ఒక్కొక్క టీచరుతో తెలుగు మీడియం బడులు తెరిచారు. ఒకే గదిలో ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలు. మామూలుగా దీన్ని మనం గతిలేనితనం అంటాం. వీళ్ళు దాన్నే పద్ధతిగా మార్చుకున్నారు.

పాఠ్యపుస్తకాన్ని తీసి పక్కన పెట్టి, దాన్ని వందల చిన్న చిన్న పనులుగా విడగొట్టారు. ఒక్కో పనికి ఒక కార్డు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు. ఏ పని తర్వాత ఏ పనో చూపించే పెద్ద పటం గోడ మీద ఉంటుంది. అదే నిచ్చెన. ప్రతి మెట్టులోనూ ఒక వరస ఉంది: ముందు కొత్త విషయం పరిచయం, తర్వాత సాధన, తర్వాత దాన్ని గట్టిపరిచే ఆట, ఆపైన వచ్చిందో లేదో చూసుకునే చిన్న పరీక్ష. రాకపోతే ఇంకో కార్డుతో మళ్ళీ సాధన, వస్తే పై మెట్టు. పొద్దున బడికి రాగానే పిల్లవాడు తాను ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకుంటాడు, తన కార్డు తానే తీసుకుంటాడు, కార్డు గుర్తుని బట్టి ఏ గుంపులో కూర్చోవాలో తెలుసుకుంటాడు. ఒక గుంపు టీచరు పక్కనే ఉంటుంది. ఒక గుంపుకి టీచరు అప్పుడప్పుడు తొంగిచూస్తే చాలు. ఒక గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇంకొకదాంట్లో ఎవరి పని వాళ్ళది.

నలభైమందిని ఒకేసారి గమనించడం ఏ టీచరు వల్లా కాదు. ఎవరు ఎక్కడున్నారన్న లెక్క గోడకి అప్పజెప్పి, గుర్తుపెట్టుకునే బరువు టీచరు తల మీద నుంచి దించేస్తే, అప్పుడు ఆమెకి నిజంగా సాయం కావాల్సిన ఏడెనిమిదిమంది పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది. ఇందులో మంత్రం ఏమీ లేదు, ఏర్పాటు ఉంది. పిల్లవాణ్ణి మధ్యలో పెట్టడానికి టీచరు మంచితనం ఒక్కటే చాలదని, దానికి ఒక యంత్రాంగం కావాలని వీళ్ళు గుర్తించారు.

1823 నాటి వీధిబడిని ఇప్పుడు తలుచుకోండి. వయసుతో పనిలేని జట్లు, వచ్చినప్పుడు పైకి పోవడం, పిల్లలు పిల్లలకి చెప్పడం, టీచరు కన్ను అందరి మీదా. వీళ్ళు కాంబెల్ నివేదిక చూసి చేశారని నేననడం లేదు. ఒక గది, ఒక అయ్యవారు, రకరకాల వయసుల పిల్లలు అనే లెక్క ఇస్తే రెండు కాలాల మనుషులూ దగ్గరదగ్గర జవాబులకే వచ్చారు. తేడా ఏమిటంటే ఇందులో దూలానికి తాడు లేదు. భాష కూడా పిల్లల ఇంటి తెలుగే. ఊరి కథలు, తోలుబొమ్మలు, తల్లులు చెప్పే సంగతులు కార్డుల్లోకి వచ్చాయి. మెట్రిక్ మేళా పేరుతో సంత పెట్టి, తూకాలు, కొలతలు, వడ్డీ లెక్కలు పిల్లలు ఊరివాళ్ళ ముందే చేసి చూపిస్తారు. చదువు రాని తల్లి తన కూతురికి ఏం వచ్చో ప్రోగ్రెస్ కార్డు లేకుండానే తెలుసుకోగలదు.

లోయ దాటిన పెట్టె

ఈ కార్డుల పెట్టెకి 'పెట్టెలో బడి' అని పేరొచ్చింది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోట తాలూకా నుంచి సర్కారు బడి టీచర్లు యూనిసెఫ్ సాయంతో వచ్చి చూసి, వెనక్కి పోయి కన్నడంలో తమ కార్డులు తామే తయారు చేసుకున్నారు. అదే 'నలి కలి'. ఆడుతూ నేర్చుకో అని అర్థం. తర్వాత అది కర్ణాటక అంతటా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో ఎం.పి. విజయకుమార్ అనే ఐఏఎస్ అధికారి పూనికతో మొదలై, 2007కల్లా తమిళనాడు సర్కారు ప్రాథమిక బడులన్నింటికీ చేరింది. గోడల చుట్టూ పిల్లల ఎత్తులో నల్లబల్లలు వచ్చాయి, టీచరు కుర్చీ దిగి నేల మీద కూర్చుంది.

పెద్ద ఎత్తున చేసినప్పుడు నష్టాలూ వచ్చాయి. హెచ్.డి. కోట టీచర్లు కార్డులు తామే రాసుకున్నారు కాబట్టి ఏ కార్డు ఎందుకో వాళ్ళకి తెలుసు. పై నుంచి అచ్చయి వచ్చిన కార్డు టీచరుకి ఇంకో పాఠ్యపుస్తకం అయిపోతుంది, ముక్కలుగా కోసిన పుస్తకం, అంతే. పుస్తకం మోసుకుపోని పిల్లవాణ్ణి చూసి తల్లిదండ్రులకి అనుమానం. పక్క వీధిలో టై, బూట్ల బడి ఉండనే ఉంది. పద్ధతిని కాపీ చేయొచ్చు, దాన్ని తయారుచేసుకునే క్రమంలో టీచరుకి వచ్చిన ఆలోచనని కాపీ చేయలేం.

మన దగ్గర కూడా ప్రయత్నాలు లేకపోలేదు. బ్రిటిష్ నిధులతో 1983లో చిన్నగా మొదలై 1989 నుంచి 1996 దాకా రాష్ట్రమంతా నడిచిన ప్రాథమిక విద్యా పథకం చేసి నేర్చుకోవడం, గుంపుల్లో పనిచేయడం గురించి లక్షకు పైగా టీచర్లకి శిక్షణ ఇచ్చింది. 1996లో డీపీఈపీ మొదటి విడతకి ఎంచుకున్న అయిదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. కానీ అదే కాలంలో ఇంకో చదువు ఇంతకన్నా వేగంగా పెరిగింది. 1986లో ఎంసెట్ మొదలయ్యాక ఇంటర్ కాలేజీలు, వాటి కిందికి హైస్కూళ్ళు, వాటి కిందికి ఆరో తరగతి 'ఫౌండేషన్' కోర్సులు దిగుతూ వచ్చాయి. నేను చదివిన రెసిడెన్షియల్ కాలేజీలో వారం వారం మార్కులని బట్టి సెక్షన్ మారేది, కూర్చునే బెంచీ మారేది. మెట్లు అక్కడా ఉన్నాయి. కాకపోతే ఆ మెట్ల మీద మన స్థానం పక్కవాడిని బట్టి, ఇక్కడ నిచ్చెన మీద నిన్నటి మనల్ని బట్టి. అక్కడ వెనకబడినవాడికి మిగిలేది సిగ్గు. 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ వేయాల్సి వచ్చింది ఆ కాలేజీల్లో పిల్లల ఆత్మహత్యల మీదే.

సుగ్గికి పోయే పిల్లవాడు

ఇదంతా చరిత్రగా చదివి మూసేయలేకపోవడానికి కారణం ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయం వైపు ఉంది. కాంబెల్ లెక్కలు తీసిన నేలే అది. ఏటా పంట పనులు అయిపోగానే అక్కడి కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకి, ఇంకా దూరం పత్తి తీతకి. ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని పోతారు. సీజనల్ హాస్టళ్ళు ఉన్నా అందరూ వాటిలో ఉండరు. ఉగాది దాటాక తిరిగొచ్చిన పిల్లవాడు తరగతిలో కూర్చుంటే పాఠం ఎక్కడో ఉంటుంది. ఒక ఏడాది అట్లా, రెండేళ్ళు అట్లా, మూడో ఏడు బడే మానేస్తాడు. మన లెక్కల్లో వాడి పేరు డ్రాపౌట్.

తరగతి అంటే బస్సు లాంటిది, దిగినవాడి కోసం ఆగదు. నిచ్చెన ఉన్న బడిలో వాడు వదిలిపోయిన మెట్టు వాడి కోసం అట్లాగే ఉంటుంది. మూడు నెలల తర్వాత వచ్చి అదే కార్డు తీసుకుంటాడు. వెనకబడ్డాడని చెప్పడానికి అక్కడ ఒక ముందు వరస అంటూ లేదు. జ్వరాలతో నెలల తరబడి బడికి పోలేకపోయిన కడప పిల్లవాడికి కావాల్సింది కూడా అచ్చంగా ఇదే కదా.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 29వ సెక్షను సర్వతోముఖ వికాసం గురించి, పిల్లలే కేంద్రంగా చేసి నేర్చుకోవడం గురించి, భయం లేని చదువు గురించి చెబుతుంది. కాబట్టి ఫ్లెక్సీ మీది ఆ మాటలు ఫీజు కట్టినవాళ్ళకి ఇచ్చే అదనపు సౌకర్యం కాదు. కోసిగి పిల్లవాడికి కూడా చట్టప్రకారం రావాల్సిన బాకీ.

ఇకముందు ఏ బడి అయినా 'చైల్డ్ సెంట్రిక్' అని చెప్పుకుంటే దాన్ని అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. స్విమ్మింగ్ పూల్ ఉందా, రోబోటిక్స్ ల్యాబ్ ఉందా అని కాదు. మూడు నెలలు రాని పిల్లవాడు సోమవారం పొద్దున తిరిగొస్తే, మీ బడిలో వాడు ఎక్కడ కూర్చుంటాడు, ఏ పాఠంతో మొదలుపెడతాడు? దీనికి సరైన జవాబు చెప్పగలిగిన బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఒంటిగదిదైనా, పిల్లవాణ్ణి మధ్యలో పెట్టుకున్నట్టే.